పసుపు దారం కట్టిన కొమ్మలు

మొన్న కార్తీకమాసంలో మా ఇంట్లో తేలాల్సింది ఒకటే విషయం. చిలుకు ద్వాదశి నాడు మా ఉసిరి చెట్టు కొమ్మలు వీధిలో వాళ్ళకి ఎవరి చేత్తో కోసివ్వాలి? ఇంత చిన్న విషయానికి నేను ఎంతగా పళ్ళు నూరుకున్నానో చెప్పాలంటే ముందు మా ఆయన గురించి చెప్పాలి.

మా ఆయన మణిశంకర్ రామచంద్రపురం హైస్కూల్లో బయాలజీ చెబుతారు. మేముండేది ద్రాక్షారామంలో. నేను కాపురానికి వచ్చేసరికి ఇంటి ముందు కనకాంబరాలు, నందివర్ధనం, గోడ పక్కన నాలుగు క్రోటన్లు ఉండేవి. చూడ్డానికి ఇల్లులా ఉండేది. తర్వాత ఈయనకి మన నేల మీద పుట్టిన పళ్ళచెట్లు మన పెరళ్ళలోంచి మాయమైపోతున్నాయన్న దిగులు పట్టుకుంది. దిగులు పడి ఊరుకుంటే బాగుండేది. గోడ వారనంతా వాక్కాయ పెట్టారు. నూతి దగ్గర వెలగ, దొడ్డి గుమ్మం పక్కన బలుసు, బట్టలారేసే చోట నేరేడు, కారు పెట్టుకుందామని నేను ఉంచుకున్న జాగాలో నాటు రేగు. కడియం నర్సరీల్లో జనం గులాబీలూ మందారాలూ ఏరుకుంటుంటే ఈయన ఒక్కో నర్సరీ ముందూ స్కూటరు ఆపి "పరికిపళ్ళ మొక్కుందాండీ?" అని అడిగేవారు. వాళ్ళు లేదని చెప్పి, వెనక కూర్చున్న నా వైపు జాలిగా చూసేవారు.

నేరేడు కాయడం మొదలెట్టాక నా తెల్ల చీరలన్నిటికీ ఊదారంగు మచ్చలు పడ్డాయి. మొన్న ఆషాఢంలో నేను పోస్టాఫీసులో నా డ్యూటీకి బయల్దేరుతుంటే వాక్కాయ ముల్లు పట్టుకుని కొత్త చీర చెంగు జానెడు చిరిగింది.

"చూశావా సుధా, కంచె ఎంత బాగా పనిచేస్తోందో," అన్నారు మా ఆయన సంతోషంగా.

"దొంగల కోసం పెట్టారా, నా కోసం పెట్టారా?"

"దానికి ఎవరైనా ఒకటేగా."

వరండాలో బియ్యం ఏరుతున్న మా అత్తగారు తలెత్తకుండానే అందుకున్నారు. "ముళ్ళ చెట్టూ, పాలు కారే చెట్టూ గుమ్మం ముందు పనికిరావురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆ వాక్కాయకి రెండు గుణాలూ ఉన్నాయి. వింటేగా." ఒక్క క్షణం ఆగి, "పప్పులోకి నాలుగు కాయలు కోసిపెట్టి వెళ్ళవే," అన్నారు నాతో.

చిరిగిన చెంగుతో వాక్కాయలు కోసిపెట్టి, చీర మార్చుకుని, ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను. ఈ ఇంట్లో నా బతుకు ఈ మాదిరిగా ఉంటుంది.

ఆ అడవి మొత్తంలో మా అత్తగారు ఒప్పుకున్న చెట్టు ఒక్కటే. గేటు పక్కన ఉన్న ఉసిరి. ఆవిడ పేరు బాలాత్రిపురసుందరి. వీధిలో అందరికీ సుందరమ్మగారు. చిలుకు ద్వాదశి సాయంత్రం తులసమ్మకి పెళ్ళి చెయ్యాలంటే తులసి కుండీలో ఉసిరి కొమ్మ గుచ్చి ఆ కొమ్మనే విష్ణుమూర్తి అనుకుని పూజ చేస్తాం కదా. మా వీధిలో ఉసిరి చెట్టున్నది మా ఒక్క ఇంట్లోనే. ఆ రోజు అత్తయ్య పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని చెట్టు కింద నిలబడేవారు. వచ్చిన ప్రతి ముత్తయిదువకీ తన చేత్తో కొమ్మ విరిచి, తమలపాకులో పసుపూ కుంకుమా పెట్టి ఇచ్చేవారు. ఏడాదిలో మిగతా రోజులు ఆవిడ మోకాళ్ళ నొప్పులున్న ముసలావిడ. ఆ ఒక్క సాయంత్రం మాత్రం వీధికి పెద్ద.

చెట్టు మాత్రం ఎన్నేళ్ళొచ్చినా ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. ఎదురింటి వెంకటదుర్గగారు ప్రతి ఏడూ అందరికంటే ముందు వచ్చి, వట్టి ఆకుల కొమ్మ తీసుకెళ్ళి, బజార్లో కొన్న ఉసిరికాయల్ని దానికి దారంతో కట్టుకునేవారు.

పోయినేడు భాద్రపదంలో మా మామగారు మార్కండేయులుగారు కాలం చేశారు. ఏటి సూతకం కాబట్టి ఆ కార్తీకంలో మా ఇంట్లో పండగ లేదు, కొమ్మ కోసం మా గేటు తీసినవాళ్ళూ లేరు. ఆ ఏడాదిలోనే అత్తయ్య పేరంటాలకి వెళ్ళడం మానేశారు. ఎవరో వద్దన్నారని కాదు, ఎవరూ వద్దనక ముందే మానేశారు. సూతకం తీరిపోయి, ఈ ఏడు దసరాకి నేను నలుగుర్నీ పిలిచి పూజ చేసుకుంటే, ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు తప్ప అడుగు ఇవతలికి వెయ్యలేదు. "రండి అత్తయ్యా" అంటే "ఇక్కణ్ణుంచి బాగానే కనపడుతోందిలే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఆ రోజు గిన్నెల మీద చూపించాను.

అయితే దసరాకి ముందే ఒకటి జరిగింది. మామగారి సంవత్సరీకం అయిన మర్నాడు పొద్దున్న అత్తయ్య గేటు దగ్గర్నుంచి పిలిచారు. ఏమైందోనని నేనూ మా ఆయనా పరిగెత్తాం. ఆవిడ ఉసిరి కొమ్మ ఒకటి కిందికి వంచి పట్టుకుని ఉన్నారు. సన్నటి రెమ్మల పొడుగునా పెసరగింజలంత కాయలు.

"కాసిందే," అన్నారు నాతో. "ఈసారి ద్వాదశికి అందరికీ కాయలున్న కొమ్మే ఇస్తాను. దారాలు కట్టుకునే పని లేదు ఎవరికీ."

ఆ ఏడాదిలో ఆవిడ ఫలానా పని నేను చేస్తాను అని అనడం అదే మొదలు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. మా ఆయన బయాలజీ మొదలెట్టారు.

"కాయక ఏం చేస్తుందమ్మా? పోయినేడు దాని జోలికి ఎవరూ పోలేదు. ఉసిరికి పూత వచ్చేది ఈ చివరి కొమ్మల మీదే. కార్తీకంలో వాటినే నువ్వు విరిచేస్తుంటే ఫాల్గుణంలో పూత ఎక్కడ రావాలి?"

అత్తయ్య వంచిన కొమ్మని మెల్లగా వదిలారు. "అంటే ఇన్నేళ్ళూ నేనేనా దాన్ని కాయనివ్వంది?"

"అవునమ్మా," అన్నారాయన, పరీక్షలో సరైన జవాబు చెప్పిన పిల్లాడిని మెచ్చుకుంటున్నట్టు. నేను వెనక నుంచి ఆయన చొక్కా లాగాను. ఆయన వెనక్కి తిరిగి "ఏంటి?" అన్నారు. ఇలాంటి మనిషితో కాపురం నాది.

మర్నాటికల్లా చెట్టుకి ఒక అట్ట వేలాడింది. "దయచేసి కొమ్మలు విరవకండి" అని పెద్దక్షరాలు, కింద గీత. అత్తయ్య దాన్ని తీసి పొయ్యి పక్కన పెట్టారు.

"గుమ్మంలోకి వచ్చినవాళ్ళని బోర్డుతో పలకరిస్తావట్రా? ఉసిరి కొమ్మ అడిగితే లేదనే ఇల్లు కాదు మనది."

"కొమ్మ ముఖ్యమా, చెట్టు ముఖ్యమా అమ్మా?"

"రెండూ."

ఆ తగువు ఆశ్వయుజమంతా నడిచింది. ఆవిడ నాతో ఆయన మీద చెప్పేవారు, ఆయన నాతో ఆవిడ మీద చెప్పేవారు. మధ్యలో వాయుగుండం పట్టి మూడ్రోజులు గాలీ వానా కొడితే, ఇద్దరూ చెరో కిటికీలోంచీ ఆ చెట్టునే చూస్తూ కూర్చున్నారు. దండెం తెగి నా బట్టలు బురదలో పడ్డాయి. అది ఇద్దరిలో ఒక్కరికీ కనపడలేదు.

చివరికి రాజీ కుదిరింది. లోపలికి పెరిగినవీ, ఒకదాన్నొకటి రాసుకుంటున్నవీ, కింద నేలకి వాలినవీ ఎలాగూ తీసేస్తే మంచిదే కాబట్టి, వాటిల్లో కాయలున్నవి మాత్రం కోసుకోవచ్చునన్నారు మా ఆయన. విరవకూడదు, కత్తెరతో కొయ్యాలి. కార్తీకం వచ్చాక ఒక ఆదివారం తల్లికి దగ్గరుండి చూపించారు. ఆవిడ ఆ కొమ్మలకి పసుపు రాసిన దారం ముక్కలు కట్టుకుంటూ వెళ్ళారు. కడుతూ ప్రతిదానికీ ఒక ఇల్లు చెప్పుకున్నారు. "ఇది హారతికి. కొత్త కాపురం, చిన్న కుండీ, ఈ మాత్రం చాలు. ఇది మూలింటివాళ్ళకి. ఆవిడకి మూడు రెమ్మలుండాలి, లేకపోతే ఊరుకోదు."

"ఆకులూ పసుపూ కుంకుమా నువ్వివ్వు సుధా," అన్నారు దారం ఉండ చుడుతూ, నా మొహం చూడకుండా. "కొమ్మ నేనిస్తాను."

నేను అలాగేనన్నాను. అనకేం చెయ్యను? ఆ ముందు రోజే కూరల బండి దగ్గర వెంకటదుర్గగారు నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగారు, "ఈ ఏడు కొమ్మ నువ్వే ఇస్తావు కదమ్మా? అంటే... మీ అత్తగారు కాదు కదా?" అని. నేను వంకాయలు ఏరుతున్నట్టు నటించాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. మామగారు పోయినప్పుడు పది రోజులూ మా ఇంటికి కాఫీ ఫ్లాస్కు పంపిన మనిషి. అందుకే మరీ చిరాకొచ్చింది. చెడ్డవాళ్ళయితే ఒక మాట అనేసి ఊరుకోవచ్చు.

రాత్రి మా ఆయనకి చెప్పాను. అంతా విని, "ఎవరు కోసినా పర్వాలేదు, కత్తెర మాత్రం ఏటవాలుగా పెట్టాలి" అన్నారు. నేను దుప్పటి ముసుగేసుకున్నాను.

ద్వాదశి రానే వచ్చింది. మధ్యాహ్నమే అత్తయ్య తలంటుకున్నారు. పట్టుచీర కాదు, నేత చీర కట్టుకున్నారు. మా ఆయన్ని స్టూలెక్కించి, పైన దారం కట్టని కొమ్మ ఒకదాన్ని కోయించారు. చెట్టు మొత్తం మీద గుత్తులుగా కాసింది అదే. మా ఆయన ప్రాణం ఉసూరుమంది. "అది అడ్డంగా లేదమ్మా, రుద్దుకోవడం లేదు" అని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. దాన్ని ఇత్తడి బిందెలో నీళ్ళు పోసి వరండా మూల పెట్టించారు. మన ఇంటి పూజకి కాబోలు, పోనీలే, ఈ ఇంట్లో నాకూ ఒక మంచి కొమ్మ దక్కుతోంది అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఆడవాళ్ళు పళ్ళాలు పట్టుకుని వచ్చారు. ముందు వెంకటదుర్గగారు, వెనక మూలింటావిడ, వాళ్ళ తోడికోడలు, కొత్తగా కాపురానికొచ్చిన హారతి. అత్తయ్య కత్తెర పట్టుకుని చెట్టు కింద అప్పటికే నిలబడి ఉన్నారు. నేను తమలపాకుల పళ్ళెంతో మెట్ల మీద ఉన్నాను.

వెంకటదుర్గగారు అత్తయ్యని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ పళ్ళెం వైపు చూసుకున్నారు. "కాయలు బాగా కాశాయండి పిన్నిగారూ," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మెత్తగా, "సుధా, నువ్వొచ్చి కోసివ్వమ్మా. పిన్నిగార్ని ఎందుకు శ్రమ పెట్టడం, మోకాళ్ళు నొప్పులాయె," అన్నారు.

వెనకున్న వాళ్ళు పళ్ళాలు సర్దుకున్నారు. అత్తయ్య రెండడుగులు వేసి వచ్చి కత్తెర నా చేతిలో పెట్టారు. "నిజమే. నువ్వియ్యి సుధా. పొయ్యి మీద పాలున్నాయి, చూసొస్తాను," అని లోపలికి వెళ్ళిపోయారు.

పొయ్యి మీద పాలు లేవు. అది నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

నేను చెట్టు వైపు చూశాను. ఆకుల మధ్య ఆ పసుపు దారాలు అక్కడక్కడా కనపడుతున్నాయి. నాకు అందరి మీదా కోపం వచ్చింది. మెత్తగా మాట్లాడిన వెంకటదుర్గగారి మీద, నోరు మెదపని మిగతావాళ్ళ మీద, తగువు కూడా ఆడకుండా కత్తెర ఇచ్చేసి వెళ్ళిన అత్తయ్య మీద, ఈ మొక్క తెచ్చి పాతిన మా ఆయన మీద. పొద్దున్నుంచీ పనుల మీదే ఉన్న కాళ్ళు పీకుతున్నాయి. పళ్ళెం, కత్తెర రెండూ మెట్టు మీద పెట్టేశాను.

"నాకు తెలీదండి," అన్నాను.

"ఏం తెలీదమ్మా?"

"ఏ కొమ్మ ఎవరిదో. ఒక్కో ఇంటికి ఒక్కోటని ఆవిడ ముందే అనుకుని దారాలు కట్టారు. ఏది ఎవరికో ఆవిడకే తెలుసు."

"దానికేముంది, ఏదైనా ఒకటే. ఏదో ఒకటి కోసెయ్యి."

"నేనైతే కొయ్యనండి."

మా ఆయన వరండాలోంచి, "నాకు తెలుసుగా సుధా, ఆ ఎడమ పక్కది హారతి వాళ్ళ..." అని అందుకున్నారు. నేను ఆయన వైపు చూశాను. పెళ్ళయ్యాక మొదటిసారి, ఆయనకి నా చూపు అర్థమైంది. నోరు మూసుకుని వెలగ చెట్టుకి నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయారు.

నేను మెట్టు మీద కూర్చున్నాను. లేచే ఉద్దేశం లేదు. మూలింటావిడ తోడికోడలి చెవిలో ఏదో అంది. "దీపాల వేళ దాటిపోతోంది సుధా," అన్నారు వెంకటదుర్గగారు. "అవునండి," అన్నాను. ఆవిడ ఇంకాసేపు చూసి, మొహం గంటు పెట్టుకుని, "సరేలే, బజార్లో తెచ్చుకుంటాను," అని గేటు తీసుకుని వెళ్ళిపోయారు.

మిగిలిన ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. ఆఖరికి హారతి చెప్పులు విడిచి, నన్ను దాటుకుని, తిన్నగా వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. అంత చిన్న పిల్లకి ఎలా తోచిందో. దానికి నిజంగానే ఇవేవీ తెలియవో, అన్నీ తెలిసే వెళ్ళిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

"మామ్మగారండీ, నాకిదే మొదటి పూజండి. మా ఇంటి కొమ్మేదో వచ్చి కోసివ్వండి," అంది.

కాసేపటి తర్వాత అత్తయ్య చేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చారు. చెయ్యి తడిగా లేదు, ఊరికే తుడుచుకున్నారు. నా పక్కన మెట్టు మీదున్న కత్తెర తీసుకుని చెట్టు దగ్గరికి వెళ్ళారు. హారతి కొమ్మని ఏటవాలుగా కోశారు. హారతి వంగి కళ్ళకద్దుకుని తీసుకుంది. మూలింటావిడ ఒక క్షణం తటపటాయించి పళ్ళెం ముందుకు చాపింది. తోడికోడలు కూడా చాపింది. నేను వరసగా ఆకులిచ్చాను. మూడు రెమ్మలున్నాయో లేవో మూలింటావిడ మాత్రం లెక్క చూసుకుంది.

అందరూ వెళ్ళాక ఒళ్ళంతా తేలికపడి, బిందెలోంచి నా కొమ్మ తీసుకుందామని వంగాను.

"దాన్ని ముట్టుకోకు," అన్నారు అత్తయ్య.

"మన పూజకి కాదా?"

"వెంకటదుర్గకి."

నేను నిటారుగా లేచాను. నోరు ఆగలేదు. "అత్తయ్యా, ఇందాక ఆవిడ అన్న మాట మీరు విన్నారా, లేదా?"

"విన్నానే. చెవులు బాగానే ఉన్నాయి." ఆవిడ మెట్టు మీద కూర్చుని మోకాలు రాసుకున్నారు. "చెట్టు చిన్నగా ఉన్నప్పట్నుంచీ కాయ లేని కొమ్మ తీసుకెళ్ళి దారాలు కట్టుకుంది. ఒక్క ఏడాదైనా మీ చెట్టు కాయదేంటండీ అని అడగలేదు. కాయనివ్వంది నేనేనని ఇప్పుడు తెలిసింది కదా. ఆ కొమ్మ కాయలు వచ్చిన రోజునే ఆవిడకి అనుకున్నాను."

"ఆవిడ బజారుకెళ్ళింది. తీసుకోదు."

"తీసుకోకపోతే అప్పుడు నీకిస్తాను."

ఇక ఈవిడతో లాభం లేదనుకుని ప్రమిదల్లో నూనె పోస్తుంటే గేటు చప్పుడైంది. వెంకటదుర్గగారు. చేతిలో పళ్ళెం ఖాళీగానే ఉంది. లోపలికి రాకుండా గేటు పట్టుకుని నిలబడ్డారు.

"బజార్లో అయిపోయాయటండి పిన్నిగారూ. ఆకులు కూడా మిగల్లేదు," అన్నారు. క్షమాపణ అడుగుతున్నట్టు లేదు, బజారు మీద ఫిర్యాదు చేస్తున్నట్టుంది.

అత్తయ్య లేచి వెళ్ళి బిందెలోంచి కొమ్మ తీశారు. నీళ్ళు కారుతున్న కొమ్మని చెంగుతో ఒత్తి, గుత్తులు రాలకుండా రెండు చేతులతో పట్టుకుని గేటు దాకా వెళ్ళి పళ్ళెంలో పెట్టారు. వెంకటదుర్గగారు ఆ కాయల వంకే చూస్తూ ఉండిపోయారు.

నేను ఆకులో పసుపు పెడదామని పళ్ళెం దగ్గరికి లేచాను. వెంకటదుర్గగారు నా వైపు చూడలేదు.

"కొమ్మొక్కటే ఇస్తారేంటండీ పిన్నిగారూ?" అన్నారు, గొంతు కాస్త గట్టిగా. "ఆకేదీ?"

అత్తయ్య వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తమలపాకుల పళ్ళెం తెచ్చి అత్తయ్య ముందు పట్టుకున్నాను. ఆవిడ వెంటనే తీసుకోలేదు. నా చేతులు నొప్పెట్టేదాకా పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఒక ఆకు తీసి, పసుపు చిటికెడు, కుంకుమ చిటికెడు పెట్టి, వక్క వేసి ఇచ్చారు. వెంకటదుర్గగారు తీసుకుని కళ్ళకద్దుకుని, దీపాల వేళ దాటిపోయిందని గొణుక్కుంటూ రోడ్డు దాటేశారు.

"బాగుంది," అన్నాను. నాకు ఏడుపొస్తోంది, దానికీ చిరాగ్గానే ఉంది. "మంచి కొమ్మ ఆవిడకి పోయింది. దారాలు కట్టినవన్నీ అయిపోయాయి. మన తులసమ్మకి దేన్ని గుచ్చమంటారు? మీ అబ్బాయి ఇంకొక్క ఆకు కూడా కొయ్యనివ్వరు."

"మనకి కొమ్మెందుకే?" అన్నారు అత్తయ్య. "చెట్టే ఉందిగా. తులసి కుండీని దాని పక్కకి తీసుకురండి."

ఆ కుండీ సిమెంటుది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎవరూ కదపనిది. నేనొక వైపు, మా ఆయనొక వైపు పట్టుకుని, వాక్కాయ ముళ్ళు తప్పించుకుంటూ, ఆగి ఆగి, నడుములు విరిగేలా గేటు పక్కకి మోసుకొచ్చాం. కుండీ దింపి ఊపిరి పీల్చుకుని తలెత్తేసరికి, ఏడాదిగా వంటింటి గుమ్మం దాటి పూజ దగ్గరికి రాని మనిషి ఉసిరి చెట్టుకి ఆనుకుని దీపం పట్టుకుని నిలబడి ఉంది.

"వంకరగా పెట్టారు," అన్నారు అత్తయ్య. "తూర్పుకి తిప్పండి."

మళ్ళీ ఎత్తి తిప్పి పెట్టాం.